సమస్యాపూరణం: మనుమఁ డగ్రజుఁడయ్యెను మామ్మ కిపుడు

సంచాలకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీ పద్యానికి చివరి పాదంగా నిలవవలసిన పై వాక్యం, తేటగీతి ఛందస్సులోని పాదం. 2014లో కొరియాలో వచ్చిన ‘మిస్ గ్రానీ’ని నందినీరెడ్డి 2019లో ‘ఓ బేబీ’గా తెలుగు చేశారు, డెబ్బైల్లో ఉన్న మామ్మ ఫొటో దిగి పడుచుపిల్లగా బయటికొచ్చే కథ అది. పరదేశపు కథ మన ఇంటికి వచ్చినప్పుడు వరసలేమవుతాయో పూరణల్లో కనిపిస్తే సంతోషిస్తాను. కనిపించకపోయినా ఛందస్సు మాత్రం తప్పకూడదు.

పాలపిట్ట:
ముసలి రూపమ్ము ఫొటొతోడె ముగిసిపోయె
పడుచు వయసును దాల్చి తాఁ బాట పాడె
అందఱెదుటను బిలువంగ నన్న యనుచు
మనుమఁ డగ్రజుఁడయ్యెను మామ్మ కిపుడు

సంచాలకుడు:
ధార బాగుంది. ‘ఫొటొ’ అని కుదించడం గణం కోసమే అయినా నోటి వాడుకలో ఉన్నదే కనుక ఆక్షేపించను. ‘అందఱెదుటను’ అన్న ఒక్క మాటతో చిక్కు విడిపోయింది: బయట అన్న, ఇంట్లో మనుమడు. అయితే ఈ పద్యం సియోల్‌కైనా సరిపోతుంది; తెలుగు ఇల్లు ఇందులో ఇంకా కనబడలేదు.

రేవు:
కొరియ పలుకున నొప్పాయె కూర్మి వాఁడు
తెలుఁగు గడపలో నన్నయే తేలె నతఁడు
కథయె దాఁటెను కడలిని గాంచుఁ డయ్య
మనుమఁ డగ్రజుఁడయ్యెను మామ్మ కిపుడు

వివరణ: కొరియాలో ఆడపిల్ల తోడబుట్టిన అన్ననూ, వయసులో పెద్దవాడైన స్నేహితుణ్ణీ, ప్రేమించినవాణ్ణీ కూడా ‘ఒప్పా’ అనే పిలుస్తుంది. మన దగ్గర ‘అన్నయ్యా’ అంటే ప్రేమకథకు తలుపు మూసుకుంటుంది, ‘బావా’ అంటే తెరుచుకుంటుంది.

సంచాలకుడు:
రేవు గారూ, అడగదలచినది ఇదే. వాళ్లకు ఒక్క పిలుపుతో జరిగిపోయేచోట మనకు రెండు కావలసి వస్తాయి కనుక, మాటల రచయిత ఏ సన్నివేశంలో ఏ వరసో ముందే తేల్చుకోవాలి. చీర కట్టించడం, ఊరి పేరు మార్చడం దీనిముందు తేలిక. పేర్లలోనూ ఇదే చూడండి. కొరియా మామ్మ పడుచుదయ్యాక ఆడ్రీ హెప్‌బర్న్‌ను తలపించేలా ‘ఓ దురి’ అని పేరు పెట్టుకుంటుంది. తెలుగులో మామ్మ పేరే సావిత్రి. ఆ పేరు ఎవరిని గుర్తుచేస్తుందో మన ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక దోషం. మూడో పాదంలో ‘గాంచుఁ డయ్య’ వట్టి పాదపూరకం, అంటే పాదం నింపడానికే వేసిన మాట. పైగా మమ్మల్ని సముద్రం చూడమన్నట్టుంది. ‘కథయె దాఁటెను కడలిని గట్టు మార్చి’ అనండి. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) నిలుస్తుంది, గట్టు ఒడ్డూ అవుతుంది, సరళాదేశం పొంది ‘క’ ‘గ’గా మారిన (చీర) కట్టూ అవుతుంది.

కందిపువ్వు:
నాటకంబున వేషాలు పంచుకొనఁగ
పడుచు చెల్లెలి వేషమ్ము బామ్మ కబ్బె
రంగు పూసిన ముదిమియే రక్తి గట్టె
మనుమఁ డగ్రజుఁడయ్యెను మామ్మ కిపుడు

సంచాలకుడు:
సినిమా ఊసెత్తకుండా సమస్యను గట్టెక్కించారు. మొదటి పాదంలో ‘నా’కు ‘పం’తో యతి చెల్లదు, ‘నాటకంబున వేషాలు నలుగురికిడ’ అంటే సరిపోతుంది. బామ్మ, మామ్మ రెండూ ఒకే పద్యంలో ఎందుకో మాత్రం ఆలోచించండి.

కందిపువ్వు:
సవరణ శిరోధార్యం. మా ఇంట్లో నాన్న తల్లి బామ్మ, ఆవిడ అక్క మామ్మ. అలవాటుకొద్దీ ఇద్దరూ వచ్చేశారు.