చెల్లి ర్యాంకు 38 వేలు, బీసీ-డీ: విజయనగరం క్యాంపస్ ముందు పెట్టాలా, ప్రైవేటు కాలేజీలా?

ప్రశ్న (నరసన్నపేట నుంచి)

మా చెల్లికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 38 వేల ర్యాంకు. బీసీ-డీ, రైస్ కార్డు ఉంది. ఇంటర్ విశాఖలో చదివింది. కంప్యూటర్స్ కావాలంటోంది. విజయనగరం జేఎన్‌టీయూ క్యాంపస్‌లో వచ్చే అవకాశం ఎంత? రాజాం జీఎంఆర్ ఐటీ, చింతలవలస ఎంవీజీఆర్ కూడా చూస్తున్నాం. రాని కాలేజీ ముందు పెడితే వచ్చేది కూడా పోతుందని ఇంటర్నెట్ సెంటర్‌లో అన్నారు, నిజమేనా? హాస్టల్ సంగతి కూడా చెప్పండి, అమ్మ బెంగ పెట్టుకుంది.

జవాబు 1 (విజయనగరం)

తమ్ముడూ, ముందు ఆ ఇంటర్నెట్ సెంటర్ మాట మనసులోంచి తీసెయ్. సీట్లు ర్యాంకు వరుసలో ఇస్తారు. మీ చెల్లి వంతు వచ్చేసరికి ఆమె పెట్టిన ఒకటో ఆప్షన్ ఖాళీ ఉందా అని చూస్తుంది కంప్యూటర్, లేకపోతే రెండోది, తర్వాత మూడోది. పైన పెట్టిన కాలేజీ రాకపోతే కింది దాని అవకాశం వీసమంత కూడా తగ్గదు. అసలు నష్టం ఎక్కడంటే, వచ్చే కాలేజీని భయంతో ఒకటో నంబరులో పెడితే అదే ఖాయమైపోతుంది. అంతకన్నా మంచిది ఖాళీగా ఉన్నా కిందికి చూడదు. కాబట్టి ఇష్టం ప్రకారమే వరుస పెట్టండి.

అవకాశం లెక్క ఇలా వేయాలి. కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో గత ఏళ్ల ఆఖరి ర్యాంకుల పట్టికలు ఉంటాయి. మూడేళ్లవి తీసుకోండి, చివరి విడతవి దొరికితే అవే చూడండి. మొదటి విడత పట్టిక చూసి చాలామంది ఆశ వదిలేసుకుంటారు. తర్వాత విడతల్లో పైవాళ్లు వేరే కాలేజీలకి జరిగి సీట్లు ఖాళీ అవుతాయి కదా. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్ వరుసలో బీసీ-డీ బాలికల గడి ఒక్కటే చూస్తే సరిపోదు. బీసీ-డీ బాలుర గడి, ఓసీ గడులు రెండూ కూడా చూడాలి. జనరల్ సీట్లకి అమ్మాయిలూ అర్హులే, ఓపెన్ సీట్లకి అన్ని కేటగిరీలవాళ్లూ అర్హులే. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆఖరి ర్యాంకు 38 వేలు దాటి ఉన్నా అవకాశం ఉన్నట్టే.

ఉదాహరణకి ఒక బ్రాంచిలో మూడేళ్ల ఆఖరి ర్యాంకులు 29 వేలు, 36 వేలు, 44 వేలు అనుకో. మీకది ఊగిసలాట సీటు, పైన పెట్టి చూడాల్సిందే. మూడేళ్లూ 50 వేలు దాటితే దాదాపు ఖాయం. అలాంటివి కనీసం నాలుగైదు అడుగున ఉంచండి. గడి ఖాళీగా ఉంటే ఆ కేటగిరీలో సీటు లేదనో, ఎవరూ చేరలేదనో అర్థం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. లక్షన్నర లాంటి ర్యాంకు కనిపిస్తే అక్కడ పోటీయే లేదన్నమాట. పిల్లలు ఎందుకు వెళ్లడం లేదో కనుక్కున్నాకే పెట్టండి.

ఇంకొకటి. వచ్చినా చేరనన్న బ్రాంచిని జాబితాలో పెట్టొద్దు. విజయనగరం క్యాంపస్‌లో మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) ఉంది. గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయిస్, విశాఖ ఉక్కు దగ్గరున్న మనకి అదేమీ తక్కువ చదువు కాదు, ఇష్టమున్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. కానీ కంప్యూటర్సే కావాలన్న పిల్ల క్యాంపస్ పేరు కోసం పెడితే నాలుగేళ్లూ ఇబ్బందే.

జవాబు 2 (శ్రీకాకుళం)

అన్నగారు చెప్పినదానికి డబ్బు సంగతి కలుపుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో, అంటే ఈ కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకీ, చివర్లో కాలేజీలు నింపుకునే స్పాట్ సీట్లకీ రాదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా ఇస్తారు, ఆ మార్గంలో వెళ్తేనే రీయింబర్స్‌మెంట్. "ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి, సీటు అయిపోతుంది" అని ఫోన్లు వస్తాయి. కౌన్సెలింగ్ అయ్యేదాకా ఎవరికీ రూపాయి కట్టొద్దు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు మనమే నమోదు చేయడం), ఆ తర్వాత కాలేజీకి వెళ్లి రిపోర్టింగ్, రెండూ గడువులోపే చేయాలి. ఒకటి చేసి ఊరుకుంటే సీటు రద్దు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది. అందుకని రెండో విడతలో ఇప్పుడున్న సీటు కన్నా మేలైనవే పెట్టండి.

ప్రశ్న (ఇచ్ఛాపురం నుంచి)

మా బాబు పదో తరగతి దాకా ఇక్కడే, ఇంటర్ మాత్రం బరంపురంలో. లోకల్ అవుతాడా?

జవాబు 2 (శ్రీకాకుళం)

అవడండీ. లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు మన ఏయూ ప్రాంతంలో చదివి ఉండాలి, లేదా వరుస ఏడేళ్లూ మన రాష్ట్రంలోనే చదివి అందులో ఎక్కువ కాలం ఈ ప్రాంతంలో ఉండాలి. రెండేళ్లు ఒడిశాలో గడిచాయి కనుక రెండూ కుదరవు. మిగిలింది లోకల్ వాళ్లకని కేటాయించకుండా వదిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లు. వాటికి మీరు పదేళ్లు ఆంధ్రలో నివసించినట్టు తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి, వెరిఫికేషన్ రోజు పరుగెడితే అందదు. పక్క రాష్ట్రం బోర్డు కాబట్టి ఇంటర్ మార్కులు ఈఏపీసెట్ సైట్లో అప్‌లోడ్ అయ్యాయో లేదో కూడా చూడండి. ర్యాంకులో 25 శాతం వెయిటేజీ వాటిదే.

జవాబు 3 (రాజాం)

హాస్టల్ గురించి. అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని ఆదివారం కాకుండా క్లాసులు జరిగే రోజు వెళ్లండి. ఆఫీసులో చెప్పింది వినండి, ఆ తర్వాత మధ్యాహ్నం మెస్ దగ్గర మూడో ఏడాది అమ్మాయిలతో మాట్లాడండి. మొదటి ఏడాదివాళ్లకి ఇంకా తెలియదు. అడగాల్సినవి: మొదటి ఏడాది అమ్మాయిలందరికీ గది ఇస్తారా, గదికి ఎంతమంది, వేసవిలో సాయంత్రం నీళ్లు వస్తాయా, లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు, అమ్మాయిలు ఎన్నింటిలోపు లోపలికి రావాలి, రాత్రి జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు. మెస్ బిల్లు నెలకింత అని ఖాయమా, లేక అయిన ఖర్చును అందరికీ పంచుతారా కనుక్కోండి. పంచే పద్ధతిలో పిల్లలు ఇంటికి వెళ్లిన నెలల్లో మిగిలినవాళ్ల మీద భారం పడుతుంది.

రాకపోకలూ చూడండి. రాజాంకి రైలు లేదు, శ్రీకాకుళం మీదుగా వచ్చేవాళ్లకి చిలకపాలెం మీదుగా బస్సే. రోజూ రానూపోనూ మూడు గంటలు పోతే ల్యాబ్ రికార్డులకీ కోడింగ్‌కీ సాయంత్రం మిగలదు, అలాంటప్పుడు హాస్టలే నయం. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే రుసుము కట్టి మన్నింపు అడగొచ్చు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. దూరం నుంచి వచ్చే పిల్లలు చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ప్లేస్‌మెంట్లు అడిగినప్పుడు "ఆఫర్లు ఎన్ని" అని అడగొద్దు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా చూపిస్తారు. మీ బ్రాంచిలో నిరుడు ఎంతమంది పరీక్షలకి కూర్చున్నారు, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్న పిల్లకి జీతం ఎంత, ఈ మూడూ అడగండి. చదువు నాణ్యతకి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా, కంప్యూటర్స్‌కి ఉందో లేదో, గడువు ఎప్పటిదాకానో విడిగా అడగాలి.