"లేచినప్పుడు బీపీ పెంచే మందు": ఈ వాక్యంలో ఏ మాట జారిపోయింది?

మిత్రులారా, ఒక చిన్న వాక్యం మీ ముందు పెడుతున్నాను. "ఇది లేచినప్పుడు బీపీ పెంచే మందు." మా నాన్నగారి మందుల చీటీ మీద, మిడోడ్రిన్ అన్న పేరు పక్కన, ఎవరో శ్రద్ధగా తెలుగులో రాసిచ్చిన మాట. చదవగానే తప్పేమీ కనపడదు. నాకూ పది రోజుల దాకా కనపడలేదు.

నాన్నగారికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకున్నప్పుడు 130 ఉన్న పై అంకె, నిలబడి రెండు నిమిషాలయ్యేసరికి 90కి దిగుతుంది. కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుంటారు. రోజుకు మూడు మాత్రలు రాశారు. ఆయన చీటీ చదువుకుని, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడే కదా పడిపోయే భయం అనుకుని, మూడో మాత్ర సరిగ్గా పడుకోబోయే ముందు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ వాక్యాన్ని నమ్మిన మనిషి చేయాల్సిన పనే అది. లేచినప్పుడు పెంచే మందు, పడుకున్నంతసేపూ ఊరుకుంటుందనేగా అర్థం! ఒక రాత్రి తల పగిలిపోతోందంటే పడుకోబెట్టే బీపీ చూశాను. 192. మిషన్ పాడైందేమో అనుకుని మళ్ళీ చూశాను. 188. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ముందు ఆయన్ని లేపి కూర్చోబెట్టమన్నారు, తర్వాత మాత్ర వేళలు మార్చారు.

ఇక భాష సంగతి. "లేచినప్పుడు" అనేది ఏ క్రియకు అన్వయిస్తుంది? వాక్యంలో దాని తర్వాత ఉన్న క్రియ "పెంచే" ఒక్కటే, కాబట్టి దానికే అతుక్కుంటుంది. రాసినవారి మనసులో ఉన్నది మాత్రం "లేచినప్పుడు పడిపోయే బీపీని పెంచే మందు". మధ్యలోంచి "పడిపోయే" జారిపోయింది. ఆ ఒక్క విశేషణం లేకపోవడంతో, జబ్బుకు చెందిన షరతు మందు మీదికి వెళ్ళిపోయింది. "పెంచే" తద్ధర్మార్థక విశేషణం, అంటే అది ఆ వస్తువు స్వభావాన్ని చెబుతుంది. ఈ మాత్ర స్వభావం పెంచడమే, మనిషి నిలబడ్డా పడుకున్నా. మీరైతే ఈ వాక్యాన్ని ఎలా రాస్తారు?

ఫార్మసిస్టుగా పనిచేసే సభ్యురాలు: అన్వయం గురించి మీరన్నది మందు పనితీరుకు అక్షరాలా సరిపోతుందండీ. మనం నిలబడగానే సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. మెడ ధమనిలోనూ గుండె పైనున్న బృహద్ధమనిలోనూ ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలు వెంటనే మెదడుకు కబురు పెడతాయి. మెదడు నరాల ద్వారా రక్తనాళాలను బిగించమంటుంది. నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం విడుదలై నాళాలు బిగుస్తాయి, రక్తం పైకి చేరుతుంది. పార్కిన్సన్స్‌లోనూ, చాలాకాలంగా షుగర్ ఉన్న కొందరిలోనూ ఈ నరాలు దెబ్బతిని కబురు చేరదు. నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని ఈ జబ్బు కిందే లెక్కిస్తారు.

మిడోడ్రిన్ ఆ నరాల పనిని తాను చేస్తుంది. ఒంట్లోకి వెళ్ళాక వేరే రూపంలోకి మారి, రక్తనాళాల గోడల్లో ఆ కబురు అందుకునే ఆల్ఫా-1 గ్రాహకాలను పట్టుకుని నేరుగా బిగిస్తుంది. ఈ మనిషి నిలబడ్డాడా పడుకున్నాడా అని దానికి తెలిసే దారే లేదు. అందుకే చివరి మాత్రకీ పడుకోవడానికీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలంటారు. ఇదే జబ్బుకు వాడే డ్రాక్సిడోపా ఒంట్లో నార్‌ఎపినెఫ్రిన్‌గా మారుతుంది, దానికీ ఇలాంటి జాగ్రత్తే, కనీసం 3 గంటలు. ఇంకో మందు ఫ్లూడ్రోకార్టిసోన్, దాని దారి వేరు. అది మూత్రపిండాల చేత ఉప్పును, దాంతో నీటిని నిలవ చేయిస్తుంది. పొటాషియం తగ్గిస్తుంది, పాదాలు ఉబ్బవచ్చు, దానితోనూ పడుకున్నప్పుడు బీపీ పెరగవచ్చు.

అయితే మీ చీటీలోని వాక్యం దాదాపు నిజమయ్యే మందు వేరే ఒకటుంది, పిరిడోస్టిగ్మిన్. మెదడు కబురు రక్తనాళాలకు చేరే దారిలో నరాలకు మజిలీలు ఉంటాయి. అక్కడ కబురు అందించే ఎసిటైల్‌కోలిన్‌ను ఈ మందు త్వరగా విరిగిపోనివ్వదు. అంటే వెళ్ళే కబురుకు బలం ఇస్తుందంతే. నిలబడ్డప్పుడే ఆ కబురు ఎక్కువగా వెళ్తుంది కాబట్టి పెరుగుదలా అప్పుడే ఎక్కువ. కానీ దాని బలం తక్కువ, నరాలు బాగా దెబ్బతిన్నవారికి అంతగా పనికిరాదు.

మరో సభ్యుడు: "లేచు" దగ్గరే ఇంకో చిక్కుంది, గమనించారా? నిద్ర లేవడమూ లేవడమే, కుర్చీలోంచి లేవడమూ లేవడమే. "లేచినప్పుడు... మందు" అని కంటబడగానే మా అమ్మగారి తరంవాళ్ళు "పొద్దున్నే లేవగానే వేసుకునేది" అని చదువుకుంటారు. నేనైతే "లేచినప్పుడు" తీసేసి "నిలబడ్డప్పుడు" పెడతాను. "బీపీని నిలబెట్టే మందు" అంటే ఇంకా బాగుంటుందేమో.

మూల టపా రాసినవారు: "నిలబడ్డప్పుడు" వెంటనే తీసుకుంటున్నానండీ. ఆ రెండో అర్థం నాకు తట్టలేదు. "నిలబెట్టే" మాత్రం వద్దనిపిస్తోంది. చెవికి ఇంపుగానే ఉంది, కానీ నిలబెట్టడమంటే ఉన్నచోట ఉంచడం. ఈ మాత్ర ఉన్నచోట ఉంచదు, పైకి తోస్తుంది. మళ్ళీ అదే భరోసా కలుగుతుంది, పడుకున్నా ఫర్వాలేదని.

ఈ చర్చలో ఇంకో మాట కూడా కలుపుతాను. మాత్ర మొదలైన వారంలోనే నాన్నగారు "ఒళ్ళు జలదరిస్తోందిరా" అన్నారు. మేం చలనుకుని దుప్పటి కప్పి, జ్వరం చూశాం. జ్వరం లేదు. చేయి దగ్గరగా చూస్తే వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి, తల మీద చీమలు పాకుతున్నట్టుందన్నారు. చలికి వణికినా జలదరింపే, వెంట్రుకలు లేచినా జలదరింపే. డాక్టరుగారికి చెప్పాల్సిన మాట "గగుర్పాటు" అయి ఉండాల్సింది.

ఫార్మసిస్టు: గగుర్పాటే! వెంట్రుక మొదట్లో ఉండే చిన్న కండరాల మీద కూడా అవే గ్రాహకాలు ఉంటాయి. ఈ మందుతో చాలామందికి మాడు మీద జివ్వుమంటుంది, దురదగా ఉంటుంది. ఎవరైనా వచ్చి "తల జివ్వుమంటోంది" అంటే నేను ముందు ఈ మాత్ర వాడుతున్నారా అని అడుగుతాను. మూత్రం సరిగ్గా రావడం లేదన్నా అడుగుతాను, మూత్రాశయం మూతి దగ్గరా బిగిస్తుంది కాబట్టి. ఇంకో విన్నపం. "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఊరుకోకండి. గది గిర్రున తిరిగితే అది చాలావరకు చెవి లోపలి సమస్య. లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే బీపీ చూడాలి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. ఈ రెండింటికీ మనకు వేర్వేరు మాటలున్నాయి కదా, వాడండి. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటి మందు వల్ల కూడా బైర్లు కమ్మవచ్చు. అప్పుడు కొత్త మాత్ర చేర్చే ముందు పాతదాన్ని చూసుకోవాలి.

మూల టపా రాసినవారు: అందరి మాటలూ కలుపుకుని కొత్త చీటీ రాశాను: "నిలబడ్డప్పుడు మీ బీపీ పడిపోతోంది. ఈ మాత్ర బీపీని పెంచుతుంది. పడుకున్నా పెంచుతుంది. వేసుకున్నాక 4 గంటలు పడుకోకండి." ఒక వాక్యం నాలుగైంది, పొడుగైందని బాధ లేదు. డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనన్నాక డబ్బా మీద అంటించాను.

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "మరి మధ్యాహ్నం మాత్ర తర్వాత నా కునుకు సంగతో?" అన్నారు. పాత చీటీ చదివినప్పుడు ఆయనకు ఈ సందేహం రాలేదు. ఇప్పుడు వెల్లకిలా పడుకోకుండా, వాలుకుర్చీలో తల ఎత్తుగా పెట్టుకుని కునుకు తీస్తున్నారు.