పోతరాజొకడా, పోతనార్యుడొకా? ('న'తో ముగిసే మగపేర్లు)

పద్యాలపెట్టె:
మా చెల్లెలి కొడుక్కి బారసాల దగ్గరపడింది. 'న'తో ముగిసే పాత తెలుగు పేరే కావాలని మా బావ పట్టు. తిక్కన, సూరన, కేతన అని వరసపెట్టి అనుకుంటుంటే పోతన భాగవతంలోని "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యం నోటికొచ్చింది. చివరి పాదం నా చెవిలో మాత్రం "బమ్మెర పోతనార్యుడొక భాగవతంబు జగద్ధితంబుగన్" అనే మోగుతోంది. ఇంట్లో పుస్తకంలో "పోతరాజొకడు" అని ఉంది. గణాలు రెండింటికీ కుదిరాయి, యతీ చెడలేదు. ఏది సరి? అసలు పోతనలో ఆ 'న' ఎక్కడిది?

గణవిభజన:
"పోతరాజొకడు", సందేహం వద్దు. 'పోతనా' రగణం, 'ర్యుడొక' నగణం, పడ్డాయి నిజమే. అన్వయం ఏం కావాలి మరి? "ఒకడు" అంటే తన భాగవతాన్ని రాజులకు ఇవ్వకుండా హరికిచ్చినవాడు, వీడొక్కడు అని. "ఒక" అనగానే అది భాగవతం మీదికి పోయి, ఏదో ఒక భాగవతం చెప్పాడన్నట్టు అవుతుంది. ఆ పద్యం పౌరుషమంతా ఆ 'డు'లో ఉంది. పైగా "పలికెడిది భాగవతమట" అన్న మనిషి తనను తాను ఆర్యుడని చెప్పుకుంటాడా?

ఓరుగల్లు బిడ్డ:
గణవిభజన గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఇక 'న' సంగతి. అది 'అన్న'. మా దిక్కు దేవుణ్ణి కూడా అన్నా అనే పిలుస్తం: కొమురెల్లి మల్లన్న, ఎములాడ రాజన్న, యాదగిరి నర్సన్న. పోత+అన్న పోతన్న, ఒక నకారం జారితే పోతన. 'అయ్య' గూడ అట్లనే జారి నన్నయ, ప్రోలయ అయింది. బమ్మెర మా పాలకుర్తి పక్కనే, ఇప్పటికీ ఆడ పోతన్న అనేటోళ్లున్నరు. పోతన కడప దిక్కు ఒంటిమిట్టోడనే వాదం మళ్లీ తేకుండ్రి.

ఛందోమిత్ర:
జారలేదు, కవులు జార్చారు. తిక్కన, పోతన, సూరన, పెద్దన, తిమ్మన: అన్నీ భగణాలే (గురువు, రెండు లఘువులు). ఉత్పలమాల ఎత్తుగడ భగణం. పోతన్న అంటే తగణం (రెండు గురువులు, లఘువు), అక్కడ పట్టదు. వేమన్ననే చూడండి, ఆటవెలది రెండో, నాలుగో పాదాల్లో అన్నీ సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రలవి. నాలుగు మాత్రల 'వేమన' కూడా పట్టక "వినుర వేమ" అయింది. పేరు పొడవు నిర్ణయించేది పద్యమే.

గణవిభజన:
'వేమ' అన్నది సంబోధన అండీ, దాన్ని సాక్ష్యంగా తేకండి. ఛందస్సే కారణమైతే, ఆశ్వాసం చివర కవి తన పేరు చెప్పుకునే వచనంలో, అంటే గద్యలో, ఆ రూపం ఎందుకుంది? తిక్కన ఆశ్వాసాంత గద్య: "ఉభయకవిమిత్ర కొమ్మనామాత్యపుత్ర బుధారాధన విరాజి తిక్కన సోమయాజి ప్రణీతంబైన". పోతన గద్య: "కేసనమంత్రిపుత్ర సహజపాండిత్య పోతనామాత్య ప్రణీతంబైన". వచనంలో గణాల బెడద లేదు, అయినా తండ్రీ కొడుకులిద్దరూ 'న'లే. పోతన అన్నగారు తిప్పన కూడా. ఇవి ఇంట్లో పిలుచుకున్న పేర్లు.

సీమపలుకు:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. పిల్లల పేర్ల పట్టికల్లో అర్జున, మదన, పవన అన్నీ తిక్కన పక్కనే పెడతారు. ఆ 'న' వేరు, ఈ 'న' వేరు. అర్జునుడు, మదనుడు అంటాం. తిక్కనుడు, పోతనుడు అని ఎవరన్నా అన్నారా? 'డు' చేరనిచోట ఉన్నది అన్నే. పోతరాజు, పోతన ఒకే మనిషి కాబట్టి అసలు పేరు 'పోత', మిగిలినవి గౌరవానికి తగిలించినవి. ఎఱ్ఱాప్రెగడ, ఎఱ్ఱన కూడా అంతే. కన్నడంలో అణ్ణ, మనకు అన్న. కణ్ణు, మణ్ణు మనకు కన్ను, మన్ను అయినట్టే ఆ బసవణ్ణ మనకు బసవన్న. తిమ్మన మాత్రం నాకింకా తేలలేదు. కన్నడిగులకు తిమ్మప్ప అంటే తిరుమల దేవుడు, మా ఊళ్లో తిమ్మడంటే కోతి, అంటే ఆంజనేయుడు. ముక్కు తిమ్మనకు ఏది పెట్టారో!

ఛందోమిత్ర:
గద్య మాట కాదనను. కానీ ఆ గద్యలోనూ లయ ఉంది కదా: మిత్ర, పుత్ర, విరాజి, యాజి. 'కొమ్మన్నామాత్య' అని చదివి చూడండి, నడక విరిగిపోతుంది.

గణవిభజన:
ఆ లయ దగ్గరికి వచ్చారు కాబట్టి చెప్తాను. పోతన అచ్చంగా తిక్కన అచ్చులోనే పోశాడు: "కవితావిచిత్ర", "మంత్రిపుత్ర", "పాండిత్య", "అమాత్య". నన్నయ గద్యలో తండ్రి పేరే లేదు, "సకలసుకవిజనవినుత నన్నయభట్ట" అంతే. తండ్రి పేరును ప్రాసలోకి తెచ్చి కూర్చోబెట్టిన ఘనత తిక్కనది. భారతం పదిహేను పర్వాల్లో ఆశ్వాసం ముగిసిన ప్రతిసారీ కొమ్మన పేరు వినిపిస్తుంది. కొడుకు తండ్రికి ఇంతకన్నా ఏమివ్వాలి?

పద్యాలపెట్టె:
అందరికీ నమస్కారాలు. బావ ఇప్పుడు మారన, కేతనల మధ్య ఊగుతున్నాడు.

ఓరుగల్లు బిడ్డ:
మారన పెట్టుండ్రి. మార్కండేయపురాణం రాసిండు, పెద్దన మనుచరిత్ర కథ అందులోదే. కృతి పుచ్చుకున్నది కాకతీయుల సేనాని గన్నయ, ఆ పేరు గూడ 'అయ్య'తోనే.

సీమపలుకు:
నా ఓటు కేతనకు. తెలుగుకు పద్యాల్లో తొలి వ్యాకరణం, ఆంధ్రభాషాభూషణం, ఆయనదే. దశకుమారచరిత్ర తిక్కనకే అంకితమిచ్చాడు.

ఛందోమిత్ర:
కేతన అంటే రేపు బడిలో అందరూ జెండా అనుకుంటారు. కేతనం తత్సమం, సంస్కృతం నుంచి వచ్చిన మాట, అందులో 'న' అన్న కాదు.

సీమపలుకు:
మన కవి మూలఘటిక కేతన పేరులో ఉన్నది 'కేత'కు చేరిన అన్నే. కేతనుడు అనరు కదా.

ఛందోమిత్ర:
మీనకేతనుడు అంటారు. మన్మథుడు.

సీమపలుకు:
అది బహువ్రీహి సమాసం, మాష్టారూ, చేప జెండా గలవాడు అని. ఆ 'డు' మన్మథుడికి చేరింది, కేతనకు కాదు.