నెలలు నిండని పిల్లలకు ప్రోబయాటిక్ చుక్కలు: అందరికీ వేయాలా?

పాప నాన్న, ఉప్పల్:
మా పాప 29 వారాలకే పుట్టింది. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పసిపిల్లల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఉంది. పేగులు వాచి కుళ్లిపోయే నెక్ జబ్బు రాకుండా ప్రోబయాటిక్ వేద్దామని ఒక డాక్టర్ గారు, వద్దని ఇంకో డాక్టర్ గారు అంటున్నారు. బతికున్న బ్యాక్టీరియాను ఇంత పసిగుడ్డు కడుపులోకి పంపాలంటే భయమేస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తార్నాక మైక్రోబయాలజీ:
వేయించండి అన్నా. నెలలు నిండని పేగులో టీఎల్ఆర్4 అనే గ్రాహకం చాలా చురుగ్గా ఉంటుంది. క్లెబ్సియెల్లా, ఇ.కోలై లాంటి చెడ్డ బ్యాక్టీరియా పైపొర పదార్థం దానికి తగిలితే చాలు, వాపు మొదలవుతుంది. పేగు కణాలు చనిపోతాయి, కొత్తవి పుట్టి పుండు మానడం కూడా మందగిస్తుంది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. ప్రోబయాటిక్‌గా వేసే బైఫిడోబ్యాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే మంచి బ్యాక్టీరియాకు అవే తిండి. అది వాటిని తిని వదిలే ఆమ్లాల వల్ల చెడ్డవాటికి చోటు దక్కదు. అది తయారుచేసే ఇండోల్-3-ల్యాక్టిక్ ఆమ్లం, ల్యాబ్‌లో పెంచిన పసి పేగు కణాల్లో ఐఎల్-8 అనే వాపు సంకేతాన్ని తగ్గించింది. 2013లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ట్రయల్‌లో 1099 మంది పిల్లలున్నారు. మూడు రకాల బ్యాక్టీరియా కలిపి ఇస్తే నెక్ 4.4 శాతం నుంచి 2 శాతానికి దిగింది.

మల్కాజిగిరి శ్రీను:
మన ఒడిశాలోనూ 4500 మందికి పైగా పిల్లల మీద ఇలాంటి ట్రయల్ చేశారు కదా, 2017లో వచ్చింది. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఎన్‌ఐసీయూ సిస్టర్:
శ్రీను గారూ, ఒడిశాలో చూసింది కనీసం 35 వారాలు నిండి, కనీసం 2 కిలోలు ఉన్న పిల్లల్ని. అక్కడ తగ్గింది సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్), మరణాలు రెండూ కలిపి చూసిన లెక్క. 29 వారాల పాపకు ఆ లెక్క పనికిరాదు.

తార్నాక చెల్లెమ్మా, నువ్వు చెప్పిన ట్రయల్ నిజమే. అయితే 2016లో ఇంగ్లండ్‌లో 1300 మందికి పైగా పిల్లలపై బైఫిడోబ్యాక్టీరియం బ్రెవె అనే ఇంకో రకం వాడి చూస్తే నెక్‌లో తేడా రాలేదు. ఒక రకం చేసిన మేలు ఇంకో రకం చేస్తుందని నమ్మలేం. 2014లో అమెరికాలో ఒక బిడ్డ ప్రోబయాటిక్ పొడిలో కలిసిన బూజు వల్ల చనిపోయింది. 2023లో ఇంకో బిడ్డ, వేసిన బ్యాక్టీరియానే రక్తంలో చేరి పోయింది. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసుపత్రులను హెచ్చరించింది. ఇవి అరుదే. కానీ సీసాలో రాసిందే ఉందో లేదో చూడకుండా వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

తార్నాక మైక్రోబయాలజీ:
అరుదైన ప్రమాదానికి జడిసి, నెక్‌తో పోయే పిల్లల్ని వదిలేద్దామా అక్కా? 32 వారాల లోపు పుట్టి తల్లిపాలు తాగే పిల్లలకు ఇవ్వడం పరిశీలించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2022లో చెప్పింది.

ఎన్‌ఐసీయూ సిస్టర్:
ఆ మాటలోనే ఉంది కదమ్మా, ‘తల్లిపాలు తాగే’ అని. డబ్బాపాలు పోస్తూ చుక్కలు వేస్తే ఆ బ్యాక్టీరియా ఏం తిని బతుకుతుంది? నాన్న గారూ, పాప వాళ్లమ్మకు పాలు సరిగా పడుతున్నాయా? రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా పిండమనండి. చాలకపోతే దాత పాలు అడగండి, నీలోఫర్‌లో పాల బ్యాంకు ఉంది. 62.5 డిగ్రీల్లో అరగంట వేడిచేసినా ఆ చక్కెరలు దాదాపు అలాగే ఉంటాయి. చుక్కలు వేస్తామంటే ఏ రకం, ఆ బ్యాచ్ పరీక్షించారా, పాపకు యాంటీబయాటిక్ నడుస్తోందా అని అడగండి. విరేచనాలకని మెడికల్ షాపులో అమ్మే సాచెట్ మాత్రం మీ అంతట మీరు తేకండి.

పాప నాన్న, ఉప్పల్:
పాలు తక్కువే పడుతున్నాయి సిస్టర్. ఈ సాయంత్రం రౌండ్స్‌లో ముందు దాత పాల గురించే అడుగుతాను.