గోధుమపిండితో కర్రీ పఫ్: పొరలు రావట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

బడి నుంచి రాగానే మా పిల్లలకి పఫ్ కావాలి. బేకరీవి మైదా, డాల్డా అని మానిపించి, ఇంట్లో ఓవెన్‌లో మొదలుపెట్టాను. 200 గ్రాముల గోధుమపిండికి 100 గ్రాముల వెన్న వేసి, మూడుసార్లు మడతపెట్టి ఒత్తాను. విజయవాడ ఎండకి రెండో మడతకే వెన్న కరిగి అప్పడాల కర్రకి అంటుకుపోయింది. 200 డిగ్రీల్లో 25 నిమిషాలు పెడితే పైన బిస్కెట్‌లా గట్టిగా, అడుగున పచ్చిగా వచ్చాయి. లోపలి బంగాళదుంప, బఠాణీ కూర మాత్రం బాగా కుదిరింది. మావాడు అదొక్కటే తవ్వుకుని తిని, పై అట్ట వదిలేశాడు!

సగం మైదా కలపక తప్పదా? మడతకీ మడతకీ మధ్య పిండిని ఫ్రిజ్‌లో ఎంతసేపు ఉంచాలి? కూరలో తడి వల్లే అడుగు ఉడకడం లేదా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి. నూనెలో వేయించుకోమని మాత్రం అనకండి, అది నాకూ వచ్చు.