సౌదీతో పశ్చిమ దేశాల దోస్తీ: తీవ్రవాద నిధులకు అడ్డుకట్టా, అండా?

కృష్ణాతీరం
9/11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీ పౌరులు. దాడిపై అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణలో సౌదీ సంబంధాల గురించి రాసిన 28 పేజీలను 2016 జూలై దాకా తొక్కిపెట్టారు. బాధిత కుటుంబాలు సౌదీ ప్రభుత్వంపై దావా వేసేందుకు వీలిచ్చే జాస్టా బిల్లును అదే ఏడాది ఒబామా వీటో చేస్తే, సెనేట్ 97–1 ఓట్లతో ఆ వీటోను కొట్టిపారేసింది. నా వాదన ఒక్కటే. ఈ స్నేహం ఇలాగే సాగినంతకాలం సౌదీ డబ్బు ఎటు పోయిందో ఏ ప్రభుత్వమూ తేల్చదు. ముందు సౌదీకి ఆయుధాల అమ్మకం ఆపాలి.

లెక్కలమాస్టారు
కృష్ణాతీరం గారూ, ఆ 28 పేజీల్లో ఉన్నవి ఇంకా ఆరా తీయాల్సిన అంశాలు, రుజువైన విషయాలు కావు. సౌదీ ప్రభుత్వం ఒక వ్యవస్థగా గానీ, పెద్ద అధికారులు వ్యక్తిగతంగా గానీ అల్ ఖైదాకు నిధులిచ్చినట్టు ఆధారం దొరకలేదని 2004లో 9/11 కమిషన్ (ఆ దాడిపై అమెరికా వేసిన మరో విచారణ సంఘం) రాసింది. అయితే ప్రభుత్వ అండ బాగా ఉన్న ధార్మిక సంస్థల నుంచి సొమ్ము మళ్లి ఉండొచ్చని కూడా ఆ వెంటనే చెప్పింది. అసలు కథ అక్కడే ఉంది.

సొమ్ము మళ్లే తీరు చూడండి. జకాత్ అంటే ముస్లింలు దానంగా ఇవ్వాల్సిన సొమ్ము, మిగులు ఆస్తిలో ఏటా 2.5 శాతం. అప్పట్లో మసీదు దగ్గరి పెట్టెలో నోట్లు వేస్తే రసీదు ఉండేది కాదు, దాత పేరూ ఉండేది కాదు. సంస్థ ఆ డబ్బును బావులకో అనాథాశ్రమానికో అని పద్దు రాసి విదేశీ శాఖకు పంపేది. ఖర్చు వోచర్లు ఆ శాఖవాళ్లు రాసుకునేవే. పది బావుల పద్దులో ఏడే తవ్వి, మూడింటి డబ్బు నగదుగా చేతులు మారిందనుకోండి, రియాద్‌లో కూర్చున్న ఆడిటర్‌కు కనిపించేది పది వోచర్లే. దాతకైతే పాపం ఏమీ తెలియదు.

అల్ హరమైన్ ఫౌండేషన్ అనే సౌదీ ధార్మిక సంస్థ సోమాలియా, బోస్నియా శాఖలను 2002 మార్చిలో ఆంక్షల జాబితాలో పెట్టింది అమెరికా, సౌదీ కలిసే. బోస్నియా శాఖ ‘వజీర్’ అనే కొత్త బోర్డుతో మళ్లీ తెరుచుకుంటే, 2003 డిసెంబరులో దాన్నీ జాబితాకెక్కించారు. ఇలాంటి పనికి అక్కడి పోలీసు, బ్యాంకు రికార్డులు కావాలి. తెగతెంపులు చేసుకుంటే ఎవరిస్తారు?

పాతబస్తీ
మాస్టారూ, ఆ సహకారం ఊపందుకున్నది ఎప్పుడో కూడా చెప్పాలి కదా. 2003 మే 12న రియాద్‌లోనే బాంబులు పేలాయి. మసీదుల్లో నగదు పెట్టెలు తీసేయించడం, సంస్థలు విదేశాలకు డబ్బు పంపకుండా కట్టడి చేయడం, 2004లో అల్ హరమైన్‌ను రద్దు చేయడం, ఇవన్నీ ఆ తర్వాతి మాటే. అయినా ప్రపంచంలో సున్నీ ఉగ్రవాద ముఠాలకు అతిపెద్ద ఆదాయ వనరు సౌదీ దాతలేనని 2009 డిసెంబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ పేరుతో వెళ్లిన రహస్య కేబుల్ (దౌత్య సందేశం) చెప్పింది. వికీలీక్స్ బయటపెడితేనే అది లోకానికి తెలిసింది.

ఇంకో సంగతి. బాంబుకిచ్చే డబ్బుకు చట్టం ఉంది. భావజాలానికిచ్చే డబ్బుకు లేదు. ఇమామ్ జీతం, ఉచిత పుస్తకం, మదీనాలో చదువుకు స్కాలర్‌షిప్: వీటిలో ఏదీ నేరం కాదు. బ్రసెల్స్‌లోని పెద్ద మసీదు భవనాన్ని బెల్జియం 1969లో 99 ఏళ్ల లీజుకు సౌదీకి అప్పగించింది. ఆ నగరంలో 2016 ఉగ్రదాడుల తర్వాత పార్లమెంటు కమిషన్ అక్కడి బోధనను తప్పుబట్టాక, 2018లో ఆ లీజు రద్దు చేసుకుంది. యాభై ఏళ్లు పట్టింది! సోవియట్ సేనలతో పోరాడిన అఫ్గాన్ ముజాహిదీన్‌కు అమెరికా ఎన్ని డాలర్లిస్తే సౌదీ అన్ని డాలర్లిచ్చిన 1980లను కూడా మర్చిపోవద్దు. ఆ విత్తనం ఇద్దరూ కలిసి నాటిందే.

గల్ఫ్‌బాట
ఒక హెచ్చరిక. మొరటుగా ఆంక్షలు పెడితే దెబ్బ తగిలేది పేదలకు. అల్ బరకాత్ అనే సోమాలీ సొమ్ము బదిలీ సంస్థను 2001 నవంబరులో అమెరికా మూయించింది. ఉగ్రవాదంతో సంబంధం ఉందన్న ఆరోపణ చివరికి రుజువు కాలేదు. ఈలోగా దాని మీద ఆధారపడ్డ కుటుంబాలకు డబ్బు ఆగిపోయింది. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ బాధ వివరించి చెప్పనక్కర్లేదు. దాత మీద, శాఖ మీద, ఖాతా మీద గురిపెట్టాలి గానీ దారి మొత్తం మూయకూడదు.

కృష్ణాతీరం
గురిపెట్టాలన్నా దర్యాప్తు జరగనివ్వాలి కదండీ. సౌదీకి యుద్ధవిమానాల అమ్మకంలో బ్రిటన్ ఆయుధ కంపెనీ బీఏఈ లంచాలిచ్చిందన్న కేసును బ్రిటన్ 2006 డిసెంబరులో ఆపేసింది. దర్యాప్తు సాగితే ఉగ్రవాద సమాచారం ఇవ్వడం మానేస్తామని సౌదీ బెదిరించిందన్న విషయం కోర్టులోనే బయటపడింది. మాస్టారు గొప్పగా చెప్పే ఆ సహకారమే అక్కడ బెదిరింపుగా మారింది. 2015లో బ్రిటన్‌లో కామెరాన్ ప్రభుత్వం తీవ్రవాద సంస్థల నిధులపై నివేదిక రాయమని పురమాయిస్తే, 2017 జూలైలో థెరిసా మే ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టింది చిన్న సారాంశమే.

లెక్కలమాస్టారు
ఆ సారాంశంలో ఇంకో మాటా ఉంది: బ్రిటన్‌లో ఎక్కువ తీవ్రవాద సంస్థలకు డబ్బిచ్చేది పేరు చెప్పని స్థానిక చిన్న దాతలేనని. విదేశీ సొమ్ము కొద్ది సంస్థలకే ముఖ్యమట. కాబట్టి అమ్మకం ఒక్కసారిగా ఆపడం కంటే షరతు మేలంటాను. సౌదీ యుద్ధవిమానాలు ఎఫ్-15లు, టైఫూన్లు అమెరికా, బ్రిటన్ విడిభాగాలు, మరమ్మతు సిబ్బంది లేకుండా ఎక్కువకాలం ఎగరలేవు. అసలైన పట్టు అదే. విదేశీ శాఖల ఖాతాలను బయటి ఆడిటర్‌కు చూపితేనే కొత్త సరఫరా అని ఒప్పందంలో రాయమనండి.

కృష్ణాతీరం
రాయమనండి, నేనూ సంతకం పెడతాను. కానీ ఆ షరతు ఏ సంస్థకు పెట్టాలో తెలియాలంటే ముందు ఆ నివేదిక పూర్తి పాఠం బయటికి రావాలి.