అమ్మ గ్రైండరు ఆగిపోయింది: రిపేరా, కొత్తదా?

కోర్లగుంట_అబ్బాయి: నేను హైదరాబాదులో ఉంటా, అమ్మ తిరుపతిలో ఒక్కతే ఉంటాది. 2009లో కొన్న రెండు లీటర్ల గ్రైండరు నిన్న ఆగిపోయింది. స్విచ్చి వేస్తే గుయ్యిమని మోగుతా ఉంది గానీ డ్రమ్ము తిరగడం లేదంట. షాపాయన విప్పకుండానే మోటారు కాలిపోయింది, వైండింగుకు, అంటే లోపల రాగి తీగ మళ్ళీ చుట్టేదానికి, రెండు వేలు అన్నాడంట. కొత్తది ఐదు వేల లోపే వస్తుంది. ఇంత పాతదానికి రెండు వేలు పెట్టొచ్చా?

రేణిగుంట_వైండర్: ముందు కండెన్సర్ చూపించు తమ్ముడూ. సింగిల్ ఫేజు మోటారు తనంతట తాను కదల్లేదు, దానికి తొలి తోపు ఇచ్చేది కండెన్సరే. అది పోతే మోటారు మోగుతుంది, తిరగదు. సీలింగు ఫ్యానులో అయ్యేదీ ఇదే. ప్లగ్గు తీసేసి, బెల్టు చేత్తో తిప్పి చూడమను. బిగుసుకోనుంటే బేరింగు, సులువుగా తిరిగితే చాలావరకు కండెన్సరే, రెండు మూడు నూర్ల పని. మోగేటప్పుడు మాత్రం ఆన్‌లో వదలొద్దను, అప్పుడు నిజంగానే కాయిలు మాడిపోతుంది.

చెన్నైలో_చంద్రగిరోడు: పదిహేనేళ్ళు దాటింది, ఇంకా కండెన్సరేంది? ఈరోజు అది, రేపు బెల్టు, ఎల్లుండి బేరింగు. పాత మోటారు కరెంటు కూడా జాస్తి తాగుతుంది. 150 వాట్ల టేబుల్ టాప్ కొనిచ్చేయ్.

రేణిగుంట_వైండర్: కరెంటు లెక్క చేద్దాం రా. అర హెచ్‌పీ మోటారే అనుకో, 373 వాట్లు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున రుబ్బితే నెలకు ఒకటిన్నర యూనిట్టు. దీనికోసం ఐదు వేలా? ఫ్రిజ్జయితే నీ మాట వింటా, అది రేయింబగళ్ళు నడిచేది. కండెన్సర్ చూసినారా లేదా?

చిత్తూరు_మాస్టారు: రిపేరు సమాచారం కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మీ కంపెనీ పేరు అందులో ఉందేమో చూడండి.

చెన్నైలో_చంద్రగిరోడు: వైండరన్నా, నీకు షాపుంది కాబట్టి నువ్వు రిపేరే అంటావు.

రేణిగుంట_వైండర్: షాపుంటే? ఇరవై రెండేళ్ళు రాగి తీగ చుట్టిన చేతులివి. గంటసేపు విప్పి, లోపం ఇదీ అని చూపిస్తే, "ఆలోచించి వస్తామన్నా" అని నేరుగా కొత్తది కొనేదానికి పోతారు. విప్పినందుకు ఇరవై రూపాయలు కూడా చేతిలో పెట్టరు. ఆ షాపాయన విప్పకుండానే వైండింగన్నాడంటే అది తప్పే. కానీ ఆ తప్పు యాడనుంచి వస్తా ఉందో నాకు తెలుసు.

చెన్నైలో_చంద్రగిరోడు: తప్పంటావా? అయితే విను. 2018లో మా అమ్మ గ్రైండరు రిపేరు చేసినోడు ఎర్త్ వైరు తిరిగి కలపకుండా వదిలేసినాడు. తడి చేత్తో డ్రమ్ము పట్టుకుంటే షాకు కొట్టి వెనక్కి పడింది, మణికట్టు విరిగింది. అడగబోతే, "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉండిందే" అన్నాడు. రసీదు లేదు, గ్యారంటీ లేదు. కొత్తదాంట్లో నేను కొనేది వాట్లు కాదన్నా, రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పే మనిషిని.

రేణిగుంట_వైండర్: అమ్మకట్లా అయినందుకు బాధగా ఉంది తమ్ముడూ. ఎర్త్ కలపకుండా ఇచ్చినోడిది ఘోరమైన తప్పు. నేను ప్రతి మోటారుకూ బాడీకీ ఎర్త్ పిన్నుకూ మధ్య టెస్టరు పెట్టి చూసి గానీ ఇవ్వను. కానీ గోడ సాకెట్టుకే ఎర్త్ లేకుంటే, కొత్తదాంట్లో కరెంటు లీకైనా అదే షాకు. ఆ వైరింగుకు ఏ కంపెనీ జవాబు చెప్తుంది?

చెన్నైలో_చంద్రగిరోడు: అదీ చూపించాలి, సరే. నీలాగా చూసిచ్చేవాళ్ళు ఎందరుండారు?

గిరింపేట_పద్మ: పొద్దున్నుంచి వాట్లూ వైర్లూ చదువుతా ఉండా. రుబ్బేది ఆ తల్లి కదా, ఆమెకేం కావాలో ఎవరన్నా అడిగినారా?

కోర్లగుంట_అబ్బాయి: అడగలేదక్కా. ఇప్పుడే ఫోను చేసినా. రెండేళ్ళుగా గుండు ఎత్తలేకుండా ఉందంట, భుజం నొప్పి. పిండి తీయాల్సినప్పుడల్లా పక్కింటి పాప వచ్చి గుండు ఎత్తి కడిగి పెడతా ఉందంట. ఆ పాప ఊరికి పోతే ఆ వారం ఇడ్లీ లేదు. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. "చెప్తే కొత్తది కొంటానంటావు, నీకెందుకు ఖర్చు" అనింది. నేను సంక్రాంతికి పోయినప్పుడు ఆ పిండితోనే దోసెలు తిన్నా.

గిరింపేట_పద్మ: డ్రమ్మే వంచి పిండి తీసుకునే టిల్టింగ్ రకం చూడు నాయనా. టేబుల్ టాప్ కొంటే గుండ్లు ఎంత బరువుండాయో షాపులో ఆమెనే ఎత్తి చూడమను.

కోర్లగుంట_అబ్బాయి: శనివారం రైలుకు వస్తా ఉండా. ఆమెను షాపుకు తీసుకోనిపోతా.

రేణిగుంట_వైండర్: గుండు ఎత్తలేనప్పుడు కొత్తదే తీసుకో, నేను అడ్డం చెప్పను. వచ్చినప్పుడు ఆ ప్లగ్గు పెట్టే సాకెట్టుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించు. పాతది పాత ఇనప సామాన్లోడికి వేసే ముందు కండెన్సర్ మార్చి చూడు, తిరిగితే గుండు ఎత్తగలిగినోళ్ళ ఇంట్లో ఇంకా పదేళ్ళు రుబ్బుతుంది.